కంది కాండం చీరి చూస్తే

కిందటి దీపావళి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మా ప్రాజెక్టు మోడల్‌ను కూడా ఫోన్‌లో వేసుకుని పోయాను. మాది తాండూరు పక్కన ఒక పల్లె. కంది మొక్క ఫోటో తీసి ఇస్తే అది బాగానే ఉందా, ఎండు తెగులా, వెర్రి తెగులా అని చెప్పే మోడల్ అది. టెస్ట్‌లో 96 శాతం యాక్యురసీ వచ్చింది. మొదటి రివ్యూలో అందరూ బాగుందన్నారు. వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేదాకా నాకు ఒకటే ఆలోచన, దీన్ని చిన్నాయినకు ఎప్పుడు చూపిద్దామా అని.

మరునాడు మధ్యాహ్నం చేనుకు పోయాం. మా దిక్కు కంది అంటే మామూలు పంట కాదు. 2022 డిసెంబర్‌లో తాండూరు కందికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. చేను పూత మీదుంది. కానీ అక్కడక్కడ మొక్కలు తల వాల్చేసి ఉన్నాయి. ఒకదానికి ఫోటో తీశాను. "ఎండు తెగులు, 0.97" అని వచ్చింది. ఇంకో మూడు మొక్కలకూ అదే మాట చెప్పింది.

చిన్నాయిన మొహం చూశాక నా గర్వం కాస్తా భయమైంది. ఎండు తెగులు మందు కొడితే పోయేది కాదు. దాన్ని తెచ్చే శిలీంధ్రం నేలలోనే ఏళ్ల తరబడి బతుకుతుంది. వచ్చే ఏడు ఆ చెక్కలో కంది మానేసి జొన్న లాంటిది వేసుకోవాలి. అదే నీళ్లు చాలక వాడితే మాత్రం ఒక్క తడి ఇస్తే మొక్క లేస్తుంది. పైకి చూస్తే రెండూ దాదాపు ఒకే తీరు. ఒకటనుకుని ఇంకోటి చేస్తే ఈ ఏటి పంటో, వచ్చే ఏటి పంటో పోతుంది.

ఆయన కాసేపు ఆగి అడిగాడు: "నూటికి తొంభై ఆరు సరే రా. మిగిలిన నాలుగుల నా చేను ఉంటే?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఒక మొక్కను పీకి, కొడవలితో కాండాన్ని నిలువునా చీరాడు. "లోపట నల్ల చారలుంటే ఎండు తెగులు. ఇది తెల్లగున్నది సూడు. నీళ్లు లేక వాడింది." నాలుగు మొక్కలు చీరితే మూడింటిలో చారలు లేవు. ఒక్కదాంట్లోనే ఉన్నాయి.

సెలవులయ్యాక ఆ ప్రశ్నకు జవాబు కోసం లైబ్రరీలో తిరుగుతూ చివరికి తత్వశాస్త్రం అర దగ్గర తేలాను. మన బ్రాంచిల వాళ్లం ఆ వైపు పెద్దగా పోం. కానీ మన మోడళ్లు చేసే పని గురించి అక్కడి వాళ్లు దాదాపు మూడు వందల ఏళ్లుగా కొట్లాడుకుంటున్నారు. అందులో నాకు అర్థమైనంత ఇక్కడ చెప్తాను.

జాతర మేక లెక్క

ఇప్పటిదాకా చూసినవాటి నుంచి ఇక ముందు చూడబోయేవాటి గురించి ఒక నియమం తీయడాన్ని ఇండక్షన్ అంటారు. తెలుగులో ఆగమనం అని రాస్తారు. వెయ్యి ఆకులు చూసి వెయ్యిన్నొకటో ఆకు గురించి చెప్పడం ఇదే. మెషిన్ లెర్నింగ్ మొత్తం దీని మీదే నిలబడింది.

1739లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఒక చిక్కు ప్రశ్న వేశాడు. నిన్నటిదాకా జరిగింది కాబట్టి రేపూ జరుగుతుంది అనడానికి ఆధారం ఏమిటి? "ఇంతకు ముందు కూడా అట్లాగే జరిగింది కదా" అంటే, నిరూపించాల్సిన దాన్నే ఆధారంగా చూపించినట్టు. బెర్ట్రండ్ రసెల్ 1912లో దీన్ని ఒక కోడి కథతో చెప్పాడు. రోజూ గింజలు వేసే చెయ్యే ఒక రోజు దాని మెడ విరుస్తుంది. మన దిక్కు చెప్పుకోవాలంటే జాతర మేక అనుకోండి. దాని దగ్గరున్న డేటా ప్రకారం తెల్లారితే మేత రావాలి. మూడు వందల రోజుల ట్రైనింగ్‌లో ఒక్క తప్పు కూడా లేదు. జాతర గురించి మాత్రం దాని డేటాలో లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ పాపర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1934లో వచ్చిన పుస్తకంలో ఆయన వాదన ఏమిటంటే, సైన్సు అసలు ఇండక్షన్ మీద నడవదు. సైంటిస్టు ముందు ధైర్యంగా ఒక ఊహ చేస్తాడు. తర్వాత దాన్ని తప్పని తేల్చడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తాడు. ఎన్ని పరీక్షలకు నిలబడితే అంత మేలు, అయినా అది రుజువైనట్టు కాదు. డేటా పోగేసి అందులోంచి నియమం పిండడం అనేది పాపర్ దృష్టిలో ఒక భ్రమ.

మరి మనం రోజూ ల్యాబులో చేస్తున్నది ఏమిటి?

గిల్లీస్ అనే తత్వవేత్త

ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నవాడు డోనాల్డ్ గిల్లీస్. ఈయన కేంబ్రిడ్జ్‌లో గణితం, తత్వశాస్త్రం చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఇమ్రే లాకటోష్ దగ్గర ప్రాబబిలిటీ పునాదుల మీద పీహెచ్‌డీ చేశాడు. పాపర్ పాఠాలు చెప్పిన కాలేజీ కూడా అదే. తర్వాత లండన్‌లోనే తత్వశాస్త్రం ప్రొఫెసర్‌గా పని చేశాడు. గణితంలో విప్లవాలు వస్తాయా అనే ప్రశ్న మీద 1992లో ఒక వ్యాస సంకలనం తెచ్చాడు. 1996లో "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అండ్ సైంటిఫిక్ మెథడ్" అనే పుస్తకం రాశాడు. అప్పటికి డీప్ లెర్నింగ్ అనే మాట ఇంత ప్రచారంలో లేదు. అయినా ఆ పుస్తకంలోని ప్రశ్న ఈ రోజు మన ప్రాజెక్టులకు సరిగ్గా సరిపోతుంది.

గిల్లీస్ వాదన ఇట్లా నడుస్తుంది. పాపర్ మాట ఆయన కాలానికి చాలావరకు నిజమే. అప్పట్లో డేటా నుంచి నియమాన్ని యాంత్రికంగా తీసే పద్ధతి చూపించమంటే చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ ఇప్పుడు ఉన్నాయి, కంప్యూటర్లలో. ఆయన చూపించిన ఉదాహరణల్లో గోలెం అనే ప్రోగ్రాం ఒకటి. 1992లో మగుల్టన్, కింగ్, స్టెర్న్‌బర్గ్ అనే ముగ్గురు దీన్ని ప్రోటీన్ల మీద వాడారు. అమైనో ఆమ్లాల వరుసను బట్టి ప్రోటీన్‌లో ఏ భాగం మెలి తిరుగుతుందో చెప్పే నియమాలను ఇది తనంతట తానే తయారు చేసింది. ట్రైనింగ్‌కి 12 ప్రోటీన్లు ఇచ్చారు. ఎప్పుడూ చూడని 4 ప్రోటీన్ల మీద పరీక్షిస్తే 81 శాతం సరిగ్గా చెప్పింది. అంటే యంత్రం ఇండక్షన్ చేయగలదు. ఈ విషయంలో పాపర్ తప్పు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. గిల్లీస్ ఇంకో రెండు సంగతులు చెప్తాడు. ఒకటి, గోలెం ఖాళీ బుర్రతో మొదలు పెట్టలేదు. ఏ అమైనో ఆమ్లానికి నీళ్లంటే పడదు, ఏది పెద్దది, ఏది చిన్నది అనే రసాయనశాస్త్ర జ్ఞానాన్ని మనుషులే ముందుగా దానికి అందించారు. రెండు, నియమం తీయడం ఎంత ముఖ్యమో, దాన్ని కొత్త డేటా మీద పరీక్షించి పనికిరానిదాన్ని పారేయడం అంతే ముఖ్యం. ఈ రెండో పని అచ్చంగా పాపర్ చెప్పిందే. ఇండక్షన్ లేదన్న దగ్గర పాపర్ ఓడిపోయాడు, పరీక్ష లేనిదే నమ్మొద్దన్న దగ్గర గెలిచాడు.

మా మోడల్ సంగతి ఇప్పుడు చూడండి. దానికి ముందుగా మేం ఏ జ్ఞానమూ ఇవ్వలేదు, పిక్సెళ్లు మాత్రమే ఇచ్చాం. పరీక్ష కూడా అవే చేలల్లో, అవే రోజుల్లో తీసిన ఫోటోల మీద పెట్టాం. కొత్త డేటా అని మేం అనుకున్నది నిజానికి పాత డేటాలోంచి పక్కకు తీసిపెట్టిన ముక్క.

96 అంటే ఏమిటి, 0.97 అంటే ఏమిటి

చిన్నాయిన ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. "మిగిలిన నాలుగుల నా చేను ఉంటే?" ఇది రైతు అమాయకంగా అడిగిన ప్రశ్న అనుకున్నాను. ప్రాబబిలిటీ తత్వశాస్త్రంలో ఇదొక పేరున్న సమస్య.

రిచర్డ్ ఫాన్ మీజెస్ అనే గణితవేత్త 1928లోనే దీని గురించి రాశాడు. ఆయన లెక్కలో ప్రాబబిలిటీ అంటే ఒక పెద్ద గుంపులో ఒక సంగతి ఎంత తరచుగా జరుగుతుందనేది మాత్రమే. ఇన్సూరెన్స్ కంపెనీ ఫలానా వయసు వాళ్లలో వెయ్యికి ఎంతమంది ఈ ఏడు పోతారో చెప్పగలదు. కానీ వాళ్లలో ఒక్క మనిషిని చూపించి "ఈయన చనిపోయే ప్రాబబిలిటీ ఎంత?" అంటే ఆ ప్రశ్నకు అర్థమే లేదన్నాడు. ఆ మనిషిని ఏ గుంపులో వేసి లెక్కించాలి? వయసును బట్టా, ఊరిని బట్టా, బీడీ అలవాటును బట్టా? గుంపు మారితే అంకె మారుతుంది.

ప్రాబబిలిటీకి ఇది ఒక అర్థం. ఇంకో అర్థం కూడా ఉంది. ఫ్రాంక్ రామ్సే, బ్రూనో డి ఫినెట్టి అనేవాళ్లు చెప్పింది. ప్రాబబిలిటీ అంటే ఒక మనిషికి ఒక మాట మీద ఉన్న నమ్మకం బలం, ఎంత పందెం కాస్తాడు అనే లెక్క. గిల్లీస్ 2000లో రాసిన "ఫిలాసఫికల్ థియరీస్ ఆఫ్ ప్రాబబిలిటీ" పుస్తకంలో ఈ అర్థాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చర్చించాడు. అన్ని చోట్లా ఒకే అర్థం చెల్లదు, ఎక్కడ ఏది వాడుతున్నామో తెలిసి వాడాలి అన్నది ఆయన తేల్చిన విషయం.

ఇది చదివాక నాకు మా తప్పు దొరికింది. 96 అనేది మొదటి రకం అంకె. మా టెస్ట్ ఫోటోల గుంపులో నూటికి ఎన్ని సరిగ్గా వచ్చాయి అనే లెక్క. ఆ గుంపు మా చేను లాంటిదైతేనే అది మా చేనుకు వర్తిస్తుంది. స్క్రీన్ మీద వచ్చిన 0.97 మాత్రం రెండో రకం అంకెలా కనిపిస్తుంది, యంత్రం గట్టిగా నమ్ముతున్నట్టు. కానీ దాని వెనక పందెం కాసేవాళ్లు ఎవరూ లేరు. అది సాఫ్ట్‌మ్యాక్స్ ఇచ్చిన అంకె, అంతే. తప్పయితే యంత్రానికి పోయేది ఏమీ లేదు. పందెం మొత్తం చిన్నాయినది. మేం ఈ రెండు అంకెలనూ కలిపేసి రైతు చేతిలో పెట్టాం.

చారలు ఎందుకు ముఖ్యం

ఇక కాండం సంగతి. చిన్నాయిన ఫోటో మోడల్ కన్నా ఎక్కువ మొక్కలను చూశాడు కాబట్టి గెలిచాడా? కొంతవరకు. అసలు విషయం వేరే ఉంది. ఎండు తెగులు శిలీంధ్రం వేళ్ల గుండా లోపలికి పోయి, నీళ్లు పైకి పోయే నాళాలను మూసేస్తుంది. ఆ నాళాలు నల్లబడతాయి, అవే చారలు. అందుకే నేలలో తేమ ఉన్నా మొక్క ఎండుతుంది. ఆకు వాలడం పైకి కనిపించే గుర్తు మాత్రమే. చార అయితే జబ్బు పని చేసే దారిలోనే ఉంది.

గిల్లీస్ 2019లో వచ్చిన వైద్యశాస్త్రం పుస్తకంలో సరిగ్గా దీని గురించే రాశాడు. ఒకటి ఇంకోదానికి కారణం అని గట్టిగా చెప్పాలంటే గణాంకాల ఆధారం ఒక్కటే సరిపోదు, అది లోపల ఎట్లా జరుగుతుందనే ఆధారం కూడా కావాలి అంటాడు. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి.

గణాంకాలనే నమ్ముకుంటే ఏమవుతుందో 2018లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూపించింది. ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపెట్టే మోడళ్లను వేరే ఆసుపత్రుల ఎక్స్‌రేల మీద పెడితే చాలాసార్లు పనితనం తగ్గింది. ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో అనేది మాత్రం మోడల్ దాదాపు ప్రతిసారీ పట్టేసింది. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా కేసులు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. ఊపిరితిత్తులు చూడకుండా ఆసుపత్రిని గుర్తు పట్టినా సగం మార్కులు వచ్చేస్తాయి.

మాదీ అదే కథ. వెనక్కి పోయి ఫోటోలు తిరగేస్తే, ఎండు తెగులు ఫోటోలన్నీ ఒకే చేలో మధ్యాహ్నం ఎండలో తీసినవి. మంచి మొక్కల ఫోటోలు ఇంకో చేలో పొద్దున తీసినవి. మా మోడల్ నేర్చుకున్నది తెగులును కాదు, మధ్యాహ్నాన్ని.

రావుగారి ఉప్పు లెక్క

ఇదంతా లండన్ ముచ్చట అనుకోకండి. డేటాను ఎంతవరకు నమ్మాలి అనే ప్రశ్నతో జీవితాంతం పని చేసిన తెలుగువాడు సి.ఆర్. రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక అంచనా ఎంత బాగున్నా దాని తడబాటు ఒక హద్దు కంటే కిందికి పోలేదని నిరూపించారు. మనం సిలబస్‌లో క్రామర్-రావు బౌండ్ అని చదివేది ఇదే. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరున ఒక సంస్థ ఉంది.

ఆయన "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" అనే పుస్తకం లెక్కల పుస్తకమే అయినా సగం తత్వశాస్త్రం. అందులోని ప్రధానమైన ఆలోచనను నా మాటల్లో చెప్తే ఇది: మనకు దొరికే జ్ఞానం ఎప్పుడూ కొంత అనుమానంతోనే వస్తుంది. ఆ అనుమానం ఎంతో కొలిచి పక్కన పెట్టుకుంటేనే ఆ జ్ఞానం వాడుకోవడానికి పనికొస్తుంది.

ఆ పుస్తకంలో ఒక కథ నాకు బాగా నచ్చింది. 1947 అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో చాలామంది తలదాచుకున్నారు. ఎంతమందో ఎవరికీ తెలియదు. వాళ్లకు తిండి పెట్టే పని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు ఇచ్చింది. బిల్లులు చూస్తే కళ్లు తిరిగేలా ఉన్నాయి. లోపలికి పోయి తలలు లెక్కపెట్టే వీలు లేదు. స్టాటిస్టిక్స్ వాళ్లను పిలిచారు. వాళ్లు ఆ బిల్లుల్లోంచే జనాన్ని లెక్కించారు. మొత్తం బియ్యాన్ని ఒక మనిషి తినే బియ్యంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. పప్పుతో చేస్తే ఒకటి, ఉప్పుతో చేస్తే ఇంకొకటి. మూడూ ఒకే జనాభాకు అంచనాలు, అయినా మూడూ ఒకటి కాలేదు. బియ్యం చెప్పిన అంకె అన్నిటికన్నా పెద్దది, ఉప్పు చెప్పింది అన్నిటికన్నా చిన్నది. వాళ్లు ఉప్పునే నమ్మారు. ఎందుకు? బియ్యం ఖరీదైనది, బిల్లులో పెంచి రాస్తే లాభం ఉంది. ఉప్పు చవక, దాన్ని పెంచి రాసుకుని బాగుపడేది ఏమీ లేదు.

మూడు అంకెల్లో ఏది నమ్మాలో ఆ అంకెలే చెప్పవు. అవి ఎవరి చేతి మీదుగా, ఏ అవసరంతో వచ్చాయో తెలిసినవాడే చెప్పగలడు. మా ఫోటోలు ఏ పూట, ఏ చేలో, ఎవరు తీశారన్నది మేం అడగలేదు. అడిగి ఉంటే రివ్యూకు ముందే దొరికిపోయేది.

ఇప్పుడు ఏం చేశాం

మళ్లీ మొదలు పెట్టాం. అన్ని రకాల మొక్కలనూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీశాం. చూపులతో లేబుల్ వేయడం మానేసి, వాలిన ప్రతి మొక్కకూ కాండం చీరి చూసి లేబుల్ వేశాం. ఒక ఊరి చేలను ట్రైనింగ్‌కి అస్సలు ముట్టకుండా టెస్ట్‌కే ఉంచాం. యాక్యురసీ బాగా పడిపోయింది. రిపోర్టులో పాత అంకె, కొత్త అంకె రెండూ పెట్టి, ఎందుకు పడిందో రాశాం. రెండో రివ్యూలో అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఉన్నాయి.

యాప్‌లో కూడా ఒక మార్పు చేశాం. ఎండు తెగులు అనుమానం వస్తే అది ఇప్పుడు తీర్పు చెప్పదు. "రెండు మూడు మొక్కల కాండం చీరి చూడండి, నల్ల చారలు ఉన్నాయా?" అని అడుగుతుంది. ఆ జవాబు వచ్చాకే ముందుకు పోతుంది. అంటే యంత్రం ఎక్కడ చూడాలో చెప్తుంది, చూసే పని మనిషి చేస్తాడు.

చిన్నాయిన ఆ వారమే చేనుకు ఒక తడి ఇచ్చాడు. వాలిన మొక్కలు చాలావరకు లేచాయి. చారలు కనిపించిన చెక్కలో మాత్రం వచ్చే ఏడు జొన్న వేస్తానన్నాడు. సంక్రాంతికి పోయినప్పుడు కొత్త యాప్ చూపించాను. మొత్తం చూసి, "ఇప్పుడు జర తెలివికొచ్చింది, అడిగి చెప్తున్నది" అన్నాడు.

మన కాలేజీలో ఈ సెమిస్టర్ ఏఐ ప్రాజెక్టు చేస్తున్న ప్రతి టీమ్‌కీ నాది ఒక్కటే మనవి. యాక్యురసీ పక్కన మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ శాతం ఏ గుంపులో లెక్కించింది? ఈ డేటా ఎవరి చేతి మీదుగా వచ్చింది? మోడల్ చూస్తున్నది జబ్బునా, జబ్బు పక్కనున్న ఇంకోదాన్నా? మూడింటికీ జవాబు ఉంటే ఫోన్ పట్టుకుని చేనుకు పోవచ్చు. లేకపోతే ఒక కొడవలి కూడా పట్టుకుపోండి.